ఎడమ చెవి దగ్గర

నాన్న పోయాక ఊళ్ళో మగవాళ్ళందరికీ జుట్టు పెరిగిపోయింది. వాళ్ళకు జుట్టు కత్తిరించిన చెయ్యి నాన్నదొక్కటే మరి. కత్తిరించేవాళ్ళు ఇంకెవరూ లేక కాదు. బస్టాండు ఎదురుగా తిరిగే కుర్చీలతో, పాటలతో కొత్త షాపు తెరిచి ఏళ్ళయింది. అయినా ఎవరికీ కాళ్ళు అటు నడవలేదు. బడి పంతులు టోపీ పెట్టుకొని తిరుగుతున్నాడు. రైలు గేటు వేసే పెద్దాయన, ఊరంతా గేటు మామయ్య అంటారు, ఆయన జుట్టయితే కాలరు దాటి కిందికి దిగింది.

కూతురు మాత్రం నాన్న షాపు తలుపు తీయలేదు. తాళంచెవి వంటింట్లో మేకుకు తగిలించి, దాని వంక చూడకుండా పని చేసుకుంటోంది. చూడకూడదనుకున్నదే కంటికి ముందు కనపడుతుంది, అదేం ఖర్మో.

షాపు వీధి వైపు, ఇల్లు దాని వెనక, ఇంటికి ఒక గుమ్మం వెనక సందులోకి. నాన్న లోకమంతా అంతే. సాయంత్రం షాపు కట్టేసి లోపలికి రాబోతే అమ్మ గడపలోనే ఆపేసేది, ముందు ఆ చొక్కా దులపండి అని. నాన్న దులుపుతూ, "చూశావా, ఊళ్ళో సగం మంది మన గుమ్మంలోనే ఉన్నారు" అనేవాడు. రోజూ అదే జోకు. అమ్మ రోజూ మొహం అటు తిప్పుకొని నవ్వేది. అమ్మ మంచం పట్టాక తల దువ్వి జడ వేసింది కూడా నాన్నే, కూతుర్ని దగ్గరికి రానిస్తేగా. బట్టతలకి కూడా ఒత్తు జుట్టుకి పట్టినంత సేపు పట్టించేవాడు. అదేమంటే, "ఉన్న నాలుగింటికీ మర్యాద ఇవ్వొద్దూ" అనేవాడు. అలాంటి మనిషిని ఎవరు మాత్రం మర్చిపోతారు?

అమ్మ పోయిన కొన్నాళ్ళకు నాన్న చేతికి వణుకు వచ్చింది.

"షాపు నువ్వు చూసుకో తల్లీ" అన్నాడు ఒకరోజు. చిన్నప్పట్నుంచీ స్టూలు మీద కూర్చొని ఆ పనంతా చూసిన పిల్ల.

"నువ్వుండగా నీ కుర్చీ వెనక నేను నిలబడను నాన్నా. ఆ మాట మళ్ళీ అనకు" అంది. నాన్న మళ్ళీ అనలేదు.

ఆ వారమే బడి పంతులు వెనక గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. "అమ్మా, కత్తెరుందా? ఎడమ పక్క ఎలక కొరికినట్టుంది. ఇలా బడికెళితే పిల్లలు నా తలే చూస్తారు గానీ పాఠం వినరు. నాన్నతో బాగుందనే చెప్పానులే."

ఆమె సరిచేసి పంపింది. ఆ తర్వాత అదే అలవాటైపోయింది. జనం ముందు వైపు కుర్చీలో కూర్చొని, అద్దంలో చూసుకొని, "బాగుంది" అని లేచి, సందు చుట్టి వెనక గుమ్మానికి వచ్చేవాళ్ళు. ఆమె కత్తెర చప్పుడు కాకుండా పని కానిచ్చేది. ఏ కూర మాడినా సాయంత్రానికి అందరికీ తెలిసిపోయే ఊరు, ఈ ఒక్క సంగతి మాత్రం కడుపులో దాచుకుంది.

ఒక మధ్యాహ్నం గేటు మామయ్య మెడ దగ్గర సరిచేస్తూ ఎందుకో వెనక్కి తిరిగింది. వంటింట్లో, మంచినీళ్ళ గ్లాసు చేత్తో పట్టుకొని నాన్న నిలబడి ఉన్నాడు. నీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి షాపులోకి వెళ్ళిపోయాడు. సాయంత్రం అన్నం ముందు కూర్చొని, "ఆకలి లేదమ్మా" అన్నాడు. మరికొద్ది రోజులకే నిద్రలో పోయాడు. అప్పట్నుంచీ ఆ రెండు ముక్కలే ఆమెను తినేస్తున్నాయి.

గేటు మామయ్య ఈరోజు పొద్దున్నే వచ్చి గుమ్మంలో బైఠాయించాడు.

"తలుపు తీయమ్మా. జుట్టు కళ్ళలో పడుతోంది. రైలు కనపడకపోతే నా ఉద్యోగం ఊడుతుంది."

"బస్టాండు దగ్గరికెళ్ళు మామయ్యా."

"చస్తే వెళ్ళను."

ఆమె ఇక ఆగలేకపోయింది. "ఆ రోజు నాన్న చూశాడు మామయ్యా. అన్నం కూడా ముట్టలేదు. కన్న కూతురే ఊరితో కలిసి తనని వెర్రివాణ్ణి చేసిందనుకొని పోయాడు. ఈ చేత్తో ఆయన కత్తెర ఎలా పట్టుకోమంటావు?"

మామయ్య కళ్ళ మీద పడ్డ జుట్టు వెనక్కి తోసుకున్నాడు. "అన్నం ఎలా ముడతాడమ్మా? నేను గేటు దగ్గరికి వెళ్ళేసరికి నా వెనకే వచ్చి, నా క్యారేజీ అంతా ఊడ్చేశాడు. పస్తున్నది నేను. నువ్వు కత్తెర పట్టుకున్న తీరు చెప్పుకొని మురిసిపోతూ తిన్నాడు."

ఆమె కళ్ళెత్తి మామయ్య వంక చూసింది.

"పంతుల్ని నీ దగ్గరికి పంపింది ఎవరనుకున్నావు? మీ నాన్నే. షాపుకు రమ్మంటే అది రాదు, తలలే దాని దగ్గరికి పంపుతాను అన్నాడు. చెయ్యి వణికేది నిజమేలే. కానీ ప్రతి తలకీ ఎడమ చెవి దగ్గర కాస్త ఎక్కువే వదిలేవాడు, నీకు పని మిగలాలని. తను బతికుండగా నీకు చెప్పొద్దని అందరి దగ్గరా మాట తీసుకున్నాడు."

"అయితే వెర్రిదాన్ని చేసింది నన్నా?"

"అందరం కలిసే చేశామమ్మా."

ఆమె గడప మీద కూలబడి ఏడ్చింది. నాన్న పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. మామయ్య ఓదార్చలేదు, పక్కనే కూర్చున్నాడు.

తర్వాత లేచి తాళంచెవి తీసింది. షాపులో సబ్బు, పాత తోలు కలిసిన వాసన అలాగే ఉంది. మేకుకు నాన్న తువ్వాలు వేలాడుతోంది. మామయ్య కుర్చీలో కూర్చున్నాడు. ఆమె ఆయన మెడ చుట్టూ గుడ్డ కట్టి, జుట్టు తడిపి దువ్వి, కత్తెర ఎత్తింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

"ఏమైందమ్మా?"

"ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు మామయ్యా."

ఎన్నో తలలు పూర్తి చేసింది గానీ ఒక్కటీ మొదలుపెట్టలేదు. మొదలెప్పుడూ నాన్నదే. ఈ తల మీద నాన్న చెయ్యి పడలేదు, ఇక ఏ తల మీదా పడదు. ఆ సంగతి ఇప్పుడు తెలిసొచ్చింది ఆమెకు.

తర్వాత ఎడమ చెవి దగ్గరికి కత్తెర తీసుకెళ్ళి, నాన్నలాగే చెయ్యి వణికించి, వంకరగా ఒక్క కోత కోసింది.

మామయ్య అద్దంలో చూసుకున్నాడు. "బాగుంది" అన్నాడు.

ఆమె కళ్ళు తుడుచుకొని, దాన్ని సరిచేయడం మొదలుపెట్టింది.