అందరి కాళ్లకూ ఒక జత

ఒంటిపూట బడి ముగించుకుని వచ్చిన సంధ్యారాణి అన్నం సంగతి మరిచి లాప్‌టాప్ ముందు కూర్చుంది. తెర మీద ఒక జత బూట్లున్నాయి. నల్లటి మొద్దు తోలు, వేళ్ల మీద ఇనుప రేకు, మడమ దగ్గర అరిగిన రబ్బరు. బొగ్గుబాయి బూట్లని చూడగానే తెలుస్తుంది. వాటిని తొడుక్కోవలసిన కాళ్లు మాత్రం ఈ భూమ్మీద లేవు.

ఆన్‌లైన్‌లో ఒక లోకం ఉంది. అందులోకి వెళ్లేవాళ్లు తమ బదులు తలా ఒక బొమ్మమనిషిని తయారుచేసుకుంటారు. దాన్ని అవతార్ అంటారు. అవతార్‌కు జుట్టు కావాలి, బట్టలు కావాలి, చెప్పులు కావాలి. సంధ్యారాణి తమ్ముడు జగదీశ్వర్ ఆ లోకానికి చెప్పులు చేసేవాడు. గని మీది వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్ డ్యూటీ, డ్యూటీ దిగాక ఈ పని. పోయిన నవంబరులో ఛాతీలో మంటగా ఉందని దవాఖానకు నడిచి వెళ్లాడు, తిరిగి రాలేదు. నలభై ఒక్కేళ్లు.

పోయేముందు ఒక మాట ఇచ్చి ఉన్నాడు. కొత్తగూడెంలో ఉండే మనీష అనే అమ్మాయి, నానాదేశాల బొగ్గుగని కుటుంబాల వాళ్లను పోగేసి ఆ లోకంలో ఒక గని కట్టింది. దిగే ప్రతి అవతార్ కాళ్లకు బూట్లుండాలని నియమం పెట్టింది. ఆ బూట్లు నేను చేస్తానన్నాడు జగదీశ్వర్. ఏ పని ఎవరు చేశారో గని ముఖద్వారం మీద పేర్లు రాస్తారు. రేపు ఆదివారం పొద్దున ప్రారంభం. ఈ సాయంత్రం ఆరింటిలోగా బూట్లు అందకపోతే మనీష ఇంకొకరి బూట్లు తీసుకుంటుంది. ద్వారం మీద తమ్ముడి పేరుండదు.

"మావాడు మాట ఇచ్చిండు. నేను పూర్తి చేస్త" అని డిసెంబరులో చెప్పిన నాటికి సంధ్యారాణికి తెర మీద ఒక డబ్బాను పక్కకు తిప్పడం కూడా రాదు. ఆమె లెక్కల టీచరు. రాని పాఠాన్ని మొదటి పేజీ నుంచి చదవడం తెలిసిన మనిషి. నాలుగు నెలలు అలాగే చదివింది.

జగదీశ్వర్ బూట్లను దాదాపు ముగించాడు. మిగిలింది కొలతలే. ఆ లోకంలో ఒళ్లు పదకొండు రకాలు. తమ్ముడి డ్యూటీ బూట్లను స్కేలుతో కొలిచి, పదకొండింటికీ నిష్పత్తులు కట్టి, పదకొండు సైజులు చేసింది. తన తెర మీది నమూనా ఒళ్లకు అన్నీ సరిపోయాయి. పరీక్షకని ఇరవై మందికి పంపితే, పద్నాలుగు మందికి సరిపోలేదు. ఒళ్లు ఏ రకమైనా, పిక్కల లావు ఎవరికి వారు ఇష్టం వచ్చినట్టు మార్చుకుంటారట. సన్నకాళ్ల వాళ్లకు బూటు అంచు చుట్టూ ఖాళీ, బావిలో కర్ర నిలబెట్టినట్టు. లావుకాళ్ల వాళ్లకు తోలును చీల్చుకుని మాంసం బయటికి.

సగటు తీసి చూసింది. సగటు కాలు ఎవరికీ లేదు.

మూడింటికి ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగి కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ఫోన్ మోగింది.

"అక్కా, నేను మనీషను. ఎంతవరకొచ్చింది?"

"కొలతలు కుదురుతలేవు."

"ఫికర్ చెయ్యకు. వేరేవాళ్ల దగ్గర రబ్బరు బూట్లు రెడీగున్నయి, అందరికి పడ్తయి. జగదీశన్న ఏమనుకోడు."

"ఏమనుకుంటడో నీకెట్ల తెలుసు?"



"తప్పయింది అక్క."

"తప్పు కాదు. ఆరింటికి ఫోన్ చెయ్యి" అని సంధ్యారాణి పెట్టేసింది.

కింది క్వార్టర్‌లో ఉండే బుచ్చన్న పేపరు కోసం పైకొచ్చాడు. ముప్పై నాలుగేళ్లు బాయి దిగిన మనిషి, రిటైరై పదేళ్లు. పేపరు తీసుకోకుండా కళ్లజోడు సర్దుకుని తెరలోకి వంగాడు.

"గిదేంది బిడ్డ, బాయి బూట్లు?"

"అవును, కాకా. జగదీశ్ చేసినయి."

"మరి గా మనిషేంది, గాలిల నిలవడ్డడు?"

"వాళ్లు బొమ్మలు, కాకా."

"బొమ్మలకు గూడ బూట్లు. మాకు జత దొరకాలంటే పానం పొయ్యేది." నవ్వి స్టూలు లాక్కున్నాడు. "గా సన్నటోని కాలు జూడు, రోట్లె రోకలి లెక్క ఊగుతంది. గుడ్డ సుట్టుకోలేదా?"

"గుడ్డ ఎందుకు?"

బుచ్చన్న ఆమెను వింతగా చూశాడు. "నాది ఆరో నంబరు కాలు. ఒకపారి ఎనిమిది దొరికేది, ఒకపారి తొమ్మిది. కాలుకు తగ్గ బూటు ఎవడన్న జూసిండా? నీ చిన్నమ్మ పాతచీర చింపి పట్టీలు చేసిచ్చేది. అరికాలు కాడ మొదలువెట్టి పిక్క దాంక సుట్టాలె. మిగిలిన కొసను బూటు అంచు మీదికెల్లి బయటికి మడవాలె. ఇగ బొగ్గు రవ్వ లోపలికి రాదు, బూటు ఊడదు. సన్నటోడు నాలుగు సుట్లు, లావుటోడు రెండు సుట్లు. బూటు గదే."

"జగదీశ్ ఎప్పుడు చుట్టుకోలే."

"ఆడు పైన పనిజేసిండు. కాలుకు తగ్గ బూటు తొడుక్కున్న దొర." అన్నాక తన మాట తనకే గుచ్చుకున్నట్టుంది, బుచ్చన్న తల దించుకున్నాడు. "మంచి పోరడు బిడ్డ. నా ఫ్యాన్ ఆడే బాగుజేసిండు."

సంధ్యారాణి తెరను చూస్తోంది. తోలు ఒకే కొలతలో ఉండవచ్చు. బూటు లోపలి కాలును కనబడకుండా చేసే వీలు ఆ లోకంలో ఎలాగూ ఉంది. అంచు దగ్గర గుడ్డ చుట్టి, ఆ గుడ్డను బూటుకు కాక పిక్కకు కట్టాలి. పిక్క లావెక్కితే గుడ్డ లావెక్కుతుంది, సన్నబడితే సన్నబడుతుంది. ఖాళీ ఉండదు, మాంసం బయటపడదు. తాను ఇన్నాళ్లూ తోలును సాగదీస్తూ వచ్చింది.

కానీ ఆ అంచు మీదే జగదీశ్వర్ కుట్టు ఉంది. మూడు వరసలు, ఒక్కొక్క పోగు విడిగా గీసినవి. రెండు వారాలు పట్టిందని, మెడ పట్టేసిందని దసరా నాడు చెప్పాడు. గుడ్డ మడత సరిగ్గా ఆ మూడు వరసలనూ కప్పేస్తుంది. వాడు ముట్టుకున్నదేదీ మార్చకూడదని ఆమె మొదటి రోజే పెట్టుకున్న నియమం. బీరువాలో చొక్కాలు కూడా వాడు వేలాడదీసిన వరసలోనే ఉన్నాయి.

"ఏందట్ల కూసున్నవ్?" అన్నాడు బుచ్చన్న.

"వాడి కుట్టు కనబడదు, కాకా."

బుచ్చన్న తెర నుంచి తల ఎత్తాడు. "బూటు పనికి రావాల్నా, కుట్టు కనవడాల్నా?"

ఆమె లేచి వెళ్లి ముఖం కడుక్కొని వచ్చింది. "కాకా, పట్టీ ఎట్ల చుడ్తరో జర చూపియ్యి" అంటూ తన పాత నూలు చున్నీని నిలువునా చింపి చేతికిచ్చింది. బుచ్చన్న స్టూలు మీద కాలు పెట్టి, మడమ దగ్గర ఒక మెలిక వేసి, పైకి చుట్టాడు. ఆమె ఫోటోలు తీసింది. "ఇంకోపారి, నిమ్మళంగ" అంది. మూడోసారికి ఆయన, "పరీక్ష పెడ్తవా ఏంది టీచరమ్మ" అని గొణిగాడు. అయినా చుట్టాడు.

నాలుగు చుట్లు గీయడానికి గంటన్నర పట్టింది. పిక్కకు కట్టడానికి మరో అరగంట. మడత కుట్టు మీద పడుతున్నప్పుడు ఆమె చేయి ఆగింది, ఆగి మళ్లీ కదిలింది. ఇరవై మందికీ పంపింది. సమాధానాలు ఒక్కొక్కటే వచ్చాయి. పద్దెనిమిది మందికి సరిపోయాయి. మిగతా ఇద్దరికి మడత పిక్కలోకి దిగింది. దాన్ని వెంట్రుకవాసి పైకి జరిపింది. సరిపోయింది.

ఆరింటికి మనీష ఫోన్ చేసింది.

"పంపిన, చూసుకో" అంది సంధ్యారాణి.

"చూసిన అక్క. మా తాత గిట్లనే చుట్టుకుంటుండె." అంది మనీష. "ద్వారం మీద ఇద్దరి పేర్లు రాస్త."

"బూటు వాడిది. వాడి పేరు రాయి."

"మరి గుడ్డ?"

సంధ్యారాణి పేపరు చదువుకుంటున్న బుచ్చన్న వైపు చూసింది. "గుడ్డ బుచ్చన్నది."

ఆదివారం పొద్దున తమ్ముడి అవతార్‌తో కాక, తాను కొత్తగా చేసుకున్న అవతార్‌తో ఆమె ఆ గని దగ్గరికి వెళ్లింది. నీలిజుట్టు వాళ్లు, రెక్కల వాళ్లు, కోటు తొడుక్కున్న ఒక ముసలాయన, అందరూ గుడ్డ చుట్టిన బూట్లతో ఏటవాలుగా దిగిపోతున్నారు. ద్వారం మీద తమ్ముడి పేరును ఆమె రెండుసార్లు చదివింది.

చివర ఒకడు ఆగిపోయి ఉన్నాడు. నడుం దాకా మనిషి, కింద మేక కాళ్లు.

"ఆయనది విడిచిపెట్టక్క. డెక్కలకు బూట్లేంది?" అని మనీష హెడ్‌ఫోన్‌లో నవ్వింది.

"దిగుతనంటున్నడు గద" అంది సంధ్యారాణి. నోట్‌బుక్ తెరిచి, కొత్త పేజీలో గీత కొట్టి, కొలతలు పంపమని ఆయనకు రాసింది.