అందరి బాయి

నారుకు ముప్పై నాలుగు రోజులు నిండాయి. ఇంకో మూడు రోజులు నారుమడిలోనే ఉంటే ముదిరిపోతుంది. తర్వాత నాటినా పిలక వేయదు. వ్యవసాయం చేసినవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. చేయనివాళ్లు ఇంత తెలుసుకుంటే చాలు: ఆ మూడు రోజుల్లో నా మూడెకరాలూ నాటేయాలి. మహారాష్ట్ర అంచున ఉన్న మా రేగుంటలో ఆ వారం అందరికీ నాట్లే. మనుషులు దొరకరు.

నాకు యాదక్క ముఠా దొరికింది. పదకొండు మంది ఆడవాళ్లు. అందులో నా బిడ్డ త్రివేణి ఒకతె. అహేరిలో బీఏ రెండో ఏడు చదువుతోంది, నాట్లకని వచ్చింది. సొంత పొలం కదా, నా పక్కన ఒడ్డు మీద నిలబడి పని చేయించమన్నాను. వినలేదు. చీర మీద పాత చొక్కా తొడుక్కుని యాదక్క పక్కన మడిలోకి దిగింది.

పాటల డబ్బా తెచ్చింది కూడా ఆ పిల్లే. కొబ్బరికాయంత ఉంటుంది, తీగ ఉండదు, నాలుగు పొలాలకు వినిపిస్తుంది. ఒడ్డు మీద గంప బోర్లించి దాని మీద పెట్టారు. బామ్నిలో ఫోన్లు బాగుచేసే నాగేష్ అనేవాడు సొంతంగా కట్టిన పాటలట. పాట అనడానికి లేదు. రాగం లేదు. దబదబమనే చప్పుడు మీద, పంచాయితీలో తగాదా పడుతున్నట్టు గబగబా మాటలు. ర్యాప్ అంటారని త్రివేణి చెప్పింది. హిప్‌హాప్ అని కూడా అంది. రెండింటికీ తేడా చెప్పబోయింది. నేను వినలేదు.

మొదటి రోజు అందులో ఒక్క ముక్క నా చెవికి అందింది.

ఊరి బాయి అందరి బాయి, బొక్కెనేసినోనిదే బాయి.

నా చిన్నప్పుడు మా వీధి బావిలో కొందరిని నీళ్లు తోడనిచ్చేవారు కాదు. అడ్డుపడ్డవాళ్లలో మా నాయన ఒకడు. బావి అందరిదీ, బొక్కెన వేసిన ప్రతివాడిదీ అని బామ్ని పిల్లగాడు పాట కట్టాడంటే, వాడికి కాస్త బుద్ధి ఉందనుకున్నాను. ఒడ్డు మీదినుంచి ఆ మాటే అన్నాను. ఇన్నాళ్లకు ఒకడు పనికొచ్చే పాట కట్టాడన్నాను. ఆడవాళ్లు వంచిన నడుము ఎత్తకుండానే నవ్వారు. త్రివేణి నవ్వలేదు. నన్నొకసారి చూసి మళ్లీ వంగింది. నవ్వెందుకో నేను అడగలేదు. ఆడవాళ్లు నవ్వితే కారణం అడిగే అలవాటు నాకు లేదు.

మధ్యాహ్నానికి ఎకరం అయింది. సాయంత్రందాకా మిగతా రెండెకరాలకూ నారు పీకించి, కట్టలు కట్టించి మడిలో పెట్టించాను.

తెల్లారి టీ కొట్టు దగ్గర మరాఠీ బడి గురూజీ వెంకటేశ్వర్ కనిపించాడు. పదిహేను ఆగస్టుకు పిల్లలతో ఈ పాట పాడించమని నేనే చెప్పాను. ఏ పాట అన్నాడు. నలుగురిలో పాడి వినిపించాను. గురూజీ గ్లాసు కింద పెట్టాడు.

"కిష్టన్నా, అది నీళ్ల బాయి కాదే. మరాఠీ బాయి."

ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతే. తెలుగులో బాయి అంటే బావి. మరాఠీలో బాయి అంటే ఆడమనిషి. బస్సులో, రేషన్ దుకాణంలో, సర్కారు కచేరీలో రోజూ వింటాం. నాకూ తెలుసు. కానీ పక్కన బొక్కెన ఉండేసరికి నా చెవి బావి దగ్గరకే పోయింది. వాడు కట్టిందే అందుకు. ఊరి ఆడది, అందరి ఆడది. బొక్కెన అంటే ఏమిటో నేను రాయను.

టీ కొట్టంతా నవ్వింది. నేను తాగకుండానే లేచాను. దారి పొడవునా ఒకటే మంట. వాడు కట్టినందుకు కాదు. అలాంటివాళ్లు ఉంటారు. నిన్న పదకొండు మందికీ అర్థం తెలుసు. నా బిడ్డకూ తెలుసు. తెలిసి పెట్టుకుని వింటున్నారు.

నేను పొలం చేరేసరికి అదే పాట మోగుతోంది. డబ్బా చేతిలోకి తీసుకున్నాను. ఏ బొత్తాం నొక్కాలో తెలియలేదు. అన్నీ నొక్కాను. గొంతు ఇంకా పెరిగింది. చివరికి తువ్వాలలో చుట్టి చంకలో ఇరికించుకున్నాను. అయినా లోపలినుంచి వాడు అరుస్తూనే ఉన్నాడు.

యాదక్క నడుము ఎత్తింది. "నిన్న మంచి పాటంటివి గదనే."

"నిన్న తెల్వక అన్న. వాడు మిమ్ముల్ని బజారుకీడుస్తుంటే మీరు తాళమేసుకుంట నాటేస్తున్రు. జర సిగ్గనిపియ్యదా మీకు?"

నేను త్రివేణి వైపు తిరిగాను. చదువుకున్నదానివి, వాడు నిన్ను కూడా కలిపి అంటున్నాడు, తెలుస్తోందా అని అడిగాను.

"తెలుస్తది బాపూ. విన్నప్పుడల్లా ఒళ్లు మండుతది. అయినా మళ్ల పెట్టుకుంట."

"మండినంక ఎందుకు పెట్టుడు?"

"ఆ దెబ్బకు చెయ్యి ఉరుకుతది. నడుం నొప్పి తెల్వది. కోపం ఉంటది, ఇష్టం ఉంటది. రెండూ ఉంటయి. నీకు సమజ్ కాదు."

అర్థం కాదని బిడ్డతో అనిపించుకోవడానికి నేను ఒడ్డెక్కలేదు. నోటికి ఎప్పుడూ వచ్చే మాటే వచ్చింది. ఆడదాని అక్కల్ మోకాళ్లల్ల ఉంటది అన్నాను, అక్కల్ అంటే తెలివి. వాళ్లమ్మ లింగక్కనూ అనేవాణ్ని. ఆమె జ్వరంతో పోయి నాలుగేళ్లు.

త్రివేణి చేతిలోని నారు నీళ్లలో వదిలేసింది.

"పాటల రెండో చరణం ఇన్నవా బాపూ? గదే మాట ఉన్నది. అక్కల్ మోకాళ్లల్ల అని. ఇరవై ఆరేండ్లు అమ్మను అన్నవు. వాని ఎనుక కనీసం డప్పన్న ఉన్నది."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. నా పొలంలోంచి బయటికి నడవండి అన్నాను.

నడిచారు. కాలువలో కాళ్లు కడుక్కుని, చద్దిగిన్నెలు తీసుకుని, రెండు పొలాల అవతల ఉన్న జోగయ్య మడికి వెళ్లారు. రెండు రోజులుగా అతను ఈ ముఠా కోసం యాదక్కను బతిమాలుతున్నాడు. త్రివేణి నా చంకలోంచి డబ్బా లాక్కుని ఒక్క బొత్తాం నొక్కింది, ఆగిపోయింది. జోగయ్య గట్టు ఎక్కగానే మళ్లీ మొదలైంది.

దాదాపు రెండెకరాల నారు కట్టలు మిగిలాయి. పీకిన నారు ఒక్క రోజు ఆగుతుంది, ఎండ గట్టిగా ఉంటే అదీ ఆగదు. బామ్నికి ఫోన్ చేశాను. ఇక్కడే చాలడం లేదన్నారు. నదికి అవతల తెలంగాణలో తెలిసినవాళ్లకు చేశాను. ఎవరూ రాలేదు. నేనే మడిలోకి దిగాను. మా దగ్గర మగవాళ్లు నాటు వేయరు. దమ్ము చేస్తాం, కట్టలు విసురుతాం, ఒడ్డు మీద నిలబడి వంకలు పెడతాం. గంటన్నరలో నులకమంచమంత జాగా నాటాను. సగం నారు పైకి తేలింది. తేలినదాన్ని గుచ్చబోతే పక్కది లేచింది. నడుము ఎత్తితే ఎత్తరాదు, వంచితే వంచరాదు.

మధ్యాహ్నం దాటినా ఎండ తగ్గలేదు. పై కట్టల కొసలు వాడి వేలాడుతున్నాయి. జోగయ్య గట్టు మీదికి వెళ్లి నిలబడ్డాను. నన్నెవరూ పలకరించలేదు. పాట మోగుతోంది. అప్పుడు మొదటిసారి పూర్తిగా విన్నాను. డబ్బాలో వాడు బొక్కెనేసినోనిదే బాయి అన్నాడు. వెంటనే పదకొండు గొంతులు వాడి మీద పడ్డాయి.

బొక్కెన మింగిన బాయి, తాడు తెంపిన బాయి.

ఆ జవాబు నిన్నటినుంచీ పాడుతున్నారట. నేను డబ్బాలోని మగవాడి మాట విన్నాను. మడిలోని వాళ్ల మాట నా చెవికి ఎక్కలేదు.

రెండో చరణం వచ్చింది. దాన్ని మార్చలేదు. వాడు ఎట్లా అన్నాడో అట్లాగే, ఇంకా గట్టిగా అన్నారు. అక్కల్ మోకాళ్లల్ల. ఒక్కో మాటకు ఒక్కో కుదురు మట్టిలోకి దిగుతోంది.

ఉండబట్టలేక అడిగాను, దాన్నెందుకు మార్చలేదని.

యాదక్క నా వైపు చూడకుండానే చెప్పింది. "అది మార్చం. అది మా లింగక్క మొగని మాట. నాట్లేసేటప్పుడు నీ గొంతు వెట్టి నీ లెక్కనే అనేది. మస్తు నవ్వుతుంటిమి. నువ్వు గా ఒడ్డు మీదనే ఉంటుంటివి."

పొలంలో లింగక్క వరస వంకర పోయిందని నేను ఎన్నిసార్లు తిట్టానో నాకు గుర్తుంది. ఆమె నవ్వడం గుర్తులేదు.

"నారు వాడుతున్నది యాదక్కా" అన్నాను. అంతకంటే అడగడం నాకు చేతకాదు.

ఆమె త్రివేణిని చూసింది. త్రివేణి కాదని అనలేదు.

"ఈ మడి నాటుడు ఒడగొట్టి వస్తం. డబ్బా బంద్ వెట్టం."

"పెట్టకున్రి."

"ఒడ్డెక్కి గది బాగుంది, గిది బాగలేదనద్దు. కట్టలు నువ్వే అందియ్యాలె."

సరేనన్నాను.

మూడు గంటలకు వచ్చారు. మోకాలి లోతు బురదలో నిలబడి నేను కట్టలు విసిరాను. ఆ పాట ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. అది రోత పాటే. నాగేష్ ఎదురైతే మొహం మీదే అంటాను. బిడ్డకు అది నచ్చడం నాకు ఇప్పటికీ కిట్టదు. కానీ నోరు తెరవలేదు. తెరిస్తే నారు పోతుంది.

"జర దగ్గరికెయ్యి బాపూ" అంది త్రివేణి ఒకసారి. దగ్గరగా వేశాను.

మళ్లీ రెండో చరణం వచ్చింది. ఈసారి మిగతావాళ్లు ఆగారు, త్రివేణి ఒక్కతే అంది. డబ్బాలో వాడిలా అనలేదు. ముందు గొంతు సవరించుకుని, గడ్డం కాస్త ఎత్తి, చివరి మాట ముక్కులోంచి సాగదీసింది. అది నేను. ఈ పిల్ల దాన్ని నా దగ్గర నేర్చుకోలేదు, వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంది.

ఆడవాళ్లు నవ్వి నవ్వి మడిలో కూలబడ్డారు. నేను చేతిలో కట్ట పట్టుకుని నిలబడ్డాను. ఇంకా అరెకరం మిగిలి ఉంది. కట్ట విసిరాను.