ఒక్క దెబ్బకు పుట్టినదాన్ని

నేను ఒక్కటంటే ఒక్క దెబ్బ కోసం పుట్టినదాన్ని. పేరు హెల్మెట్టు. కొందరు నన్ను మోచేతికి తగిలించుకుంటారు. కొందరు పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని, పోలీసు కనబడగానే నెత్తికెక్కిస్తారు. మనిషికి తల పగులుతుందన్న భయం కంటే చలానా భయమే ఎక్కువ. కానీ నా చేతిలో అన్యాయమైపోయింది అలాంటివాళ్లు కాదు. నన్ను సరిగ్గా పెట్టుకున్నవాళ్లే.

ప్లాస్టిక్కు కరిగించి అచ్చులోకి ఎక్కిస్తే నా పై డిప్ప తయారైంది. నల్లగా నిగనిగలాడుతుంటుంది కాబట్టి, నేనంటే అదేననుకుంటారు అందరూ. అసలు నేను లోపల ఉన్నాను. ఆవిరితో పొంగించి, అచ్చులో ఒత్తిన తెల్లటి థర్మోకోలుని. దాని మీద తలకు మెత్తగా స్పాంజి గుడ్డ, గడ్డం కింద బిగించడానికి రెండు పట్టీలు, బకిలు. దెబ్బ తగిలితే డిప్ప దాన్ని ఒక్కచోటే దిగనివ్వకుండా చుట్టూ పంచుతుంది. థర్మోకోలు నలుగుతుంది. అది నలుగుతుంటే లోపలి తల ఒక్కసారిగా కాక, మెల్లగా ఆగుతుంది. మెదడు పుర్రెకు కొట్టుకోకుండా బతికిపోతుంది. తలకు బదులు నలగడమే నా ఉద్యోగం. కాకపోతే ఒకసారి నలిగింది మళ్లీ పైకి లేవదు. డిప్ప మాత్రం ఏమీ ఎరగనట్టు మెరుస్తూనే ఉంటుంది. ఈ మాట నన్ను అమ్మినవాడు చెప్పలేదు, కొన్నావిడ అడగలేదు.

ఆవిడ రవణమ్మ. విజయనగరం దగ్గర ఒక జూట్ మిల్లులో పనిచేసే సూరినాయుడు భార్య. మొగుడి తల కొలత తెలియక, దుకాణంలో తన తలకే పెట్టి చూసుకుని, కొప్పు అడ్డమొస్తే విప్పేసి మరీ కొన్నది.

"ఒద్దే, నెత్తి ఉడికిపోతాది" అని గునిశాడు సూరినాయుడు.

"ఉడికితే ఉడికింది. గెడ్డం ఎత్తు."

ఆయన చిన్నపిల్లాడిలా గడ్డం ఎత్తాడు. బకిలు టక్‌మన్నది. ఆ తర్వాత రోజూ అదే వరస. గుమ్మంలో ఆ టక్ వినబడేదాకా ఆవిడ చెయ్యి తీసేది కాదు. బండెడు చాకిరీ మధ్య వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేది ఆ కాసేపే.

ఒక సాయంత్రం మిల్లు నుంచి వస్తుంటే కల్వర్టు దగ్గర గేదె అడ్డం వచ్చింది. బండి పక్కకు ఒరిగింది. సూరినాయుడి తల వెనక భాగం కల్వర్టు గోడకు బలంగా తగిలింది. నేను పుట్టింది ఆ దెబ్బకే. కుడి చెవి వెనక నా థర్మోకోలంతా అణిగిపోయింది. ఆయన లేచి కూర్చుని, మూగినవాళ్లను చూసి, "నా క్యారేజీ ఏదిరా?" అన్నాడు. నా జన్మలో నేను సంతోషపడింది అప్పుడే.

అక్కడితో నన్ను అవతల పారేసి ఉంటే ఎంత బాగుండేది! రవణమ్మ నన్ను కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, దేవుడి పటాల పక్కన నిలబెట్టింది. దసరాకు పూలదండ కూడా వేసింది. లోపలి గుడ్డ ఎత్తి చూసినవాళ్లు మాత్రం లేరు. దండలేసి మొక్కుతుంటే నాకూ గర్వంగానే అనిపించింది. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

రవణమ్మ తమ్ముడు సింహాద్రి. తల్లి పోయాక ఆవిడే పెంచింది. వాడికి ఊళ్లకు పార్శిళ్లు చేరవేసే పని దొరికింది.

"అప్పా, బజారుకెల్లి కొత్త హెల్మెట్టొకటి తెచ్చుకుంతాను" అన్నాడు.

"కొత్తదానికేటి తెలుసురా? ఇది మీ బావని సావు నోట్లోంచి లాక్కొచ్చింది. నిన్నూ కాస్తాది" అంటూ పటాల పక్క నుంచి నన్ను తీసింది.

"మీ అప్ప సెప్తే ఇను" అన్నాడు సూరినాయుడు.

నాకు నోరుంటే ఇల్లెగిరిపోయేట్టు అరిచేదాన్ని. నాలో ఇంకేం మిగల్లేదు, డొల్లనయిపోయాను, ఈ పిల్లాడికి నన్ను పెట్టకు తల్లీ! వాడు గడ్డం ఎత్తాడు. టక్.

పెద్ద ప్రమాదమేమీ కాదు. మలుపులో ఎవరో ఒలకబోసిన ఇసుక మీద బండి జారింది. నిఖార్సైన హెల్మెట్టు ఉంటే వాడు లేచి బట్టలు దులుపుకునేవాడు. వాడి తల కుడి చెవి వెనకనే నేలకు తగిలింది. నలగడానికి నా దగ్గర ఏమీ లేక ఆ దెబ్బను దెబ్బలాగే లోపలికి పంపించేశాను.

ఆస్పత్రి కుళాయి దగ్గర సూరినాయుడు నన్ను కడిగాడు. నెత్తురు వదలకపోతే లోపలి గుడ్డ ఊడదీశాడు. చదునైపోయిన థర్మోకోలు మీద వేలు పెట్టి చాలాసేపు తడిమాడు. తర్వాత అదే వేలితో తన చెవి వెనక తడుముకున్నాడు.

"ఇది నా దెబ్బ" అన్నాడు.

వినడానికి నేను తప్ప ఎవరూ లేరు. గుడ్డ మళ్లీ లోపలికి కుక్కాడు. ఇంటికొచ్చాక, ఇంకెవరి గడ్డం కిందా బిగుసుకోకుండా నా పట్టీలు రెండూ కోసేశాడు. రవణమ్మ అడిగితే ఎలకలు కొరికాయన్నాడు. నిజం చెబితే ఆవిడ బతకదని ఆయనకు తెలుసు.

ఇప్పుడు నేను పెరటి గోడ మేకుకు వేలాడుతున్నాను. పారేస్తానంటే ఆవిడ ఒప్పుకోదు. గిన్నెలు తోముతూ ఒక్కోసారి నావైపు చూసి అడుగుతుంది.

"మా ఆయన్ని కాసినావు గదే. నా తమ్ముడేటి పాపం సేసినాడే?"

సూరినాయుడు ఆ మాట వినబడగానే వీధిలోకి వెళ్లిపోతాడు.

సింహాద్రి బతికాడు. మాట లేదు, మనుషుల గుర్తు లేదు. అప్పనీ ఎరగడు, బావనీ ఎరగడు. కానీ అన్నం తినిపించి మూతి తుడవడానికి రవణమ్మ ఎదురుగా నిలబడితే చాలు, వాడు గడ్డం ఎత్తుతాడు. అలాగే ఎత్తి ఉంచుతాడు. తుడిచినా దించడు. ఆవిడ రెండు వేళ్లు వాడి గడ్డం కింద ఆనించి, నాలుకతో టక్‌మనిపిస్తుంది.

అప్పుడు దించుతాడు.