క్లెమ్‌కి పోయని టీ

ఆనకట్ట మీద చలిగాలి చెవులు కోసేస్తోంది. మా పక్షుల క్లబ్బు వాళ్ళం పన్నెండుమందిమి వరసగా నిలబడ్డాం. ఫ్లాస్కు తీసి అందరికీ టీ పోశాను, క్లెమ్‌కి తప్ప. ఏడాదిగా అంతే. పొయ్యను, ఏం చేస్తాడు?

పోయిన ఏప్రిల్లో లోయ అవతల, లార్చ్ చెట్లలో పెద్ద డేగ గూడు కట్టింది. ఆ సంగతి బయటికి పొక్కకూడదని అందరం ఒట్టు పెట్టుకున్నాం. వారం తిరక్కుండా, అరుదైన పక్షుల గుడ్లు పోగుచేసే పిచ్చివాడెవడో బూట్లకి ఇనుప కొక్కేలు తగిలించుకుని చెట్టెక్కి గుడ్లన్నీ ఎత్తుకుపోయాడు. మాను పొడుగునా గాట్లే. నోరు జారింది క్లెమ్మేనని అందరి ముందే అనేశాను. ఆ మనిషి నోటికి తాళం ఉండదు మరి.

ఈ ఏడు ఆ డేగ మళ్ళీ అక్కడే గూడు కట్టింది. ఈసారీ గుడ్లు పోతే ఇక ఈ లోయ మొహం చూడదు. నా టెలిస్కోపు సరిగ్గా గూటికే గురిపెట్టి ఉంది.

"ఏమైనా కనిపించాయా అండీ?" ఆకుపచ్చ కోటాయన ఎవరో నవ్వుతూ వచ్చి సంచి కింద పెట్టాడు. లోపల ఇనుము ఖణేల్‌మంది.

"నన్ను గుర్తుపట్టలేదా? పోయినేడు ఇందులోంచే కదా గూడు చూపించారు!" అన్నాడు నా టెలిస్కోపు తట్టి.

అయ్యో దేవుడా! చూపించాను. దారినపోయేవాళ్ళు ఎవరొచ్చినా 'రండి, చూడండి' అని టెలిస్కోపు ముందు నిలబెట్టడం మాకు పాత రోగం. అదీ ఒట్టు తప్పడమేనని నాకు తోచనే లేదు.

ఆయన టెలిస్కోపు మీదికి వంగుతున్నాడు. స్టాండు కాలు ఒక్క తన్ను తన్నాను. టెలిస్కోపు నీళ్ళవైపు తిరిగింది.

"బాతులేనండీ," అన్నాను.

"డేగలు ఇటు రావడం మానేశాయి," అన్నాడు క్లెమ్ తాపీగా.

సరిగ్గా అప్పుడే లార్చ్ చెట్లలోంచి డేగ కెక్ కెక్ మని అరిచింది. దాని అరుపు కోసం పొద్దుట్నించీ పడిగాపులు పడ్డవాళ్ళం! పన్నెండుమందిలో ఒక్కరంటే ఒక్కరు తల తిప్పలేదు. మెడలు బిగబట్టుకుని బాతుల్ని లెక్కపెట్టాం.

ఆయన కాసేపు మా మొహాలు చూసి, సంచి ఎత్తుకుని వెళ్ళిపోయాడు. క్లెమ్ వెనకాలే వెళ్ళి కారు నంబరు రాసుకుని పోలీసులకి ఫోన్ చేశాడు.

అతను తిరిగొచ్చాక అందరూ వినేలా చెప్పాను. "పోయినేడు గూడు చూపించింది నేనే. క్లెమ్‌ది ఏ తప్పూ లేదు." చెప్పి, కప్పు నిండా టీ పోసి అతని ముందు పట్టుకున్నాను.

క్లెమ్ తన సంచిలోంచి చిన్న ఫ్లాస్కు తీశాడు.

"వద్దులే బెరిల్. ఏడాదిగా నాది నేనే తెచ్చుకుంటున్నాను, అలవాటైపోయింది."