ఆవకాయ ఎరగని జాడీ

నేను ఒక జాడీని. ఆవకాయ ఎరగని జాడీని. నవ్వొస్తే నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. నా బతుకు నాకే నవ్వొస్తుంది అప్పుడప్పుడూ.

ధవళేశ్వరం పోయే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డుంది. ఆ షెడ్డు అరుగు పక్కన, మలుపు తిరిగిన చోట, వంకరపోయిన గిన్నెలూ బీటలు వారిన కూజాలూ పోసిన గుట్ట ఉంది. దాని చివర కొంచెం ఒరిగి, సగం దాకా వాననీళ్లతో కూర్చున్నది నేనే. నాకు బీట లేదు, పగులు లేదు. మూత మాత్రం విరిగింది. చూసినవాళ్లు ‘అయ్యో, ఇంత మంచి జాడీ ఇక్కడెందుకుందండీ?’ అంటారు. నాకూ అదే దిగులు.

నా పుట్టుక చెప్పాలంటే ముందు ఇంకో జాడీ చావు చెప్పాలి.

ఈ షెడ్డు హైమావతిది. చేత్తో పింగాణీ సామాను చేస్తుంది. టీ కప్పులు, పూలకుండీలు, దీపపు గిన్నెలు, గృహప్రవేశాలకీ పుట్టినరోజులకీ ఇచ్చుకునే ముచ్చటైన వస్తువులు. రాజమండ్రి నుంచి కార్లేసుకుని మరీ వచ్చి కొనుక్కెళ్తారు. హైమకి ఒక చెల్లెలుంది, నళిని. కాకినాడలో కాపురం. వీళ్లిద్దరి తల్లికి ఒక ఆవకాయ జాడీ ఉండేది. పైన గోధుమరంగు, కింద తెలుపు, ఏ ఫ్యాక్టరీలోనో పుట్టిన మామూలు జాడీ. దాని భుజం మీద ఒక సొట్ట. ఆ సొట్టలో బొటనవేలు ఆనించి పట్టుకుని ఆవిడ జాడీ కిందికి దించేదట. పిల్లలిద్దరూ ఆ సొట్టలో వేలు పెట్టడానికి వంతులేసుకుని పోట్లాడుకునేవారట.

తల్లి పోయింది. పన్నెండో రోజు అయ్యాక సామాన్లు పంచుకోవడానికి కూర్చున్నారు. బంగారం దగ్గర ‘నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో’ అనుకున్నారు. పట్టుచీరల దగ్గరా అంతే. చూసినవాళ్లు ముచ్చటపడ్డారు. తీరా జాడీ దగ్గరికొచ్చేసరికి ఇద్దరి చేతులూ ఒక్కసారే పడ్డాయి.

‘‘ఇది నాకుండనియ్యవే నళినీ.’’

‘‘నువ్వు రోజుకో జాడీ చేసుకునేదానివి, నీకెందుకక్కా? అమ్మ ఆఖర్న నా చేతి ముద్దే తింది.’’

‘‘అంటే నేను పెట్టలేదనా?’’

ఒకరు లాగారు, ఒకరు వదిలారు. ఎవరు లాగారో ఎవరు వదిలారో ఇప్పటికీ తేలలేదు. జాడీ గచ్చు మీద పడి ముక్కలైంది. మనుషులు బంగారం కోసం విడిపోతారని విన్నాను. వీళ్లు మట్టి కోసం విడిపోయారు. ఆ రోజు నుంచి మాటల్లేవు.

ఇవన్నీ నీకెలా తెలుసంటారా? ఆ జాడీ నాలోనే ఉంది కాబట్టి తెలుసు. హైమ ఆ పెంకులన్నీ కొంగులో ఏరుకుని తెచ్చింది. చాలా రోజులు వాటి వంక చూడలేదు. ఒకనాడు ఉన్నట్టుండి రోట్లో పోసి దంచడం మొదలుపెట్టింది. షెడ్డులో పనిచేసే నూకరత్నం కంగారుపడింది.

‘‘అదేంటండి అమ్మగారూ, అన్నాళ్లు దాచి ఇప్పుడు పిండి చేసేస్తున్నారు?’’

‘‘పిండి చేస్తేనే మళ్లీ జాడీ అవుతుందే.’’

కాల్చిన పెంకుల పొడి పచ్చిమట్టిలో కలిపితే పెద్ద పాత్ర ఆరేటప్పుడు బీట వారదు. ఆ పని తెలిసినవాళ్లు చేసేదే. హైమ మాత్రం బీటల కోసం కలపలేదని నాకు తెలుసు. ఆ పొడి మెత్తగా జల్లించి, తెల్లమట్టిలో పోసి, పిసికి పిసికి ముద్ద చేసింది. కళ్లనీళ్లు కూడా కొన్ని కలిసే ఉంటాయి, ఉప్పు రుచి నాకు అప్పుడే తెలిసింది. నాకంటే ముందు చేసినవి కొన్ని తిరుగుతున్న కుమ్మరి సారె మీదే కూలాయి, కొన్ని బట్టీలో పగిలాయి. పగిలిన ప్రతిదాన్నీ మళ్లీ దంచి మళ్లీ కలిపింది. నేను నిలిచాను. పచ్చిగా ఉన్నప్పుడే నా భుజం మీద బొటనవేలితో నొక్కి సొట్ట చేసింది. రెండుసార్లు మంటలో కాలాను. పైన గోధుమరంగు పూత, కింద తెలుపు. బట్టీలోంచి తీసిన రోజు హైమ నన్ను ఒళ్లో పెట్టుకుని, సొట్టలో వేలు ఆనించి, ‘‘ఇదిగోనే నళినీ, పట్టుకెళ్లు’’ అంది. అక్కడ నళిని లేదు. నేనే విన్నాను.

అంతలో నళిని కొత్త ఇంటి గృహప్రవేశం వచ్చింది. చెల్లెలు అక్కకి శుభలేఖ ఫోన్లో పంపింది.

‘‘బొట్టు పెట్టి పిలవని ఇంటికి ఎలా వెళ్తాను పిన్నీ?’’ అని హైమ వాళ్ల సుభద్ర పిన్ని దగ్గర వాపోయింది. ‘‘తోడబుట్టినదై ఉండి ఫోన్లో బొమ్మ పంపుతుందా? ఊరివాళ్లందరికీ గడప గడపకీ వెళ్లి బొట్టు పెట్టిందట. నేనే కానిదాన్నయ్యాను.’’

వెళ్లనంది కానీ, నన్ను పంపడానికి మాత్రం తయారైంది. అట్టపెట్టెలో ఎండుగడ్డి పరిచి, నన్ను కూర్చోబెట్టి, ఖాకీ కాగితం చుట్టి, జనపతాడుతో తనకి అలవాటైన రెండు మెలికల ముడి వేసింది.

‘‘పేరు రాయవేం?’’ అంది పిన్ని.

‘‘రాస్తే కోపంతో తెరవదు. తెరిస్తే పేరక్కర్లేదు. ఆ సొట్ట చూసిందంటే మర్నాడే ఫోన్ చేస్తుంది. అప్పుడు చెబుతాను, అమ్మ జాడీ ఇందులోనే ఉందని.’’

అదండీ నా ఉద్యోగం. ఊరగాయ మోయడం కాదు. ఇద్దరాడవాళ్ల మధ్య ఆగిపోయిన మాట మోయడం.

సుభద్ర పిన్ని చెడ్డమనిషి కాదు. కాకపోతే, తన తరఫున ఇవ్వడానికి ఏమీ కొనలేదు. కాకినాడ బస్సులో నన్ను ఒళ్లో పెట్టుకుని తనలో తనే గొణుక్కుంది. ‘‘హైమ పంపిందంటే ఆ పిల్ల మొహం మాడ్చుకుంటుంది. శుభమా అని ఇల్లు చేరుతూ ఎందుకొచ్చిన గొడవ? తర్వాత నెమ్మదిగా చెప్పొచ్చు.’’ బస్సు దిగి, ఫ్యాన్సీ షాపులో ఎర్రకాగితం కొని, ఖాకీ మీద చుట్టించి, పైన ‘ఆశీస్సులతో, సుభద్ర’ అని చీటీ అంటించింది. మనుషులు తప్పు చేసేటప్పుడు కూడా ఎదుటివాళ్ల మంచికే చేస్తున్నట్టు నమ్ముతారు. అందుకే నిద్ర పడుతుంది వాళ్లకి.

భోజనాలయ్యాక నళిని బహుమతుల ముందు కూర్చుని ఒక్కో చీటీ చదివింది. చదివినకొద్దీ మొహం చిన్నబోయింది.

‘‘అక్క ఏమీ పంపలేదా పిన్నీ?’’

ఆ గొంతులో కోపం లేదండీ. ఆకలుంది. పిన్ని చేతిలో కాఫీ గ్లాసు నోటి దాకా వెళ్లి ఆగింది. ఎదురుగా ఎర్రకాగితంలో నేను, నా మీద ఆవిడ పేరు, చుట్టూ చుట్టాలు. చెప్పాలంటే అదే సమయం. గుటకేసింది.

‘‘ఏమోనమ్మా, నా చేతికేం ఇవ్వలేదు.’’

‘‘ఒక పసుపుకొమ్మైనా పంపలేదు,’’ అంది నళిని. లేచి గదిలోకి వెళ్లిపోయింది. నేను లోపల్లోపల ఎంత మొత్తుకున్నానో! నాకు నోరు వెడల్పే గాని, మాట ఏదీ?

తర్వాత ఆమె భర్త నా పెట్టె చేతిలోకి తీసుకుని, ‘‘ఇది విప్పనా?’’ అన్నాడు.

‘‘ఎందుకండీ? సుభద్ర పిన్ని ఇచ్చిందంటే ఎవరో ఆవిడకిచ్చిన డిన్నర్ సెట్టే అయ్యుంటుంది. బరువు చూడండి. అటక మీద పెట్టండి, మనకీ ఎవరికో ఇవ్వడానికి పనికొస్తుంది.’’

తెలుగిళ్లలో ఇదొక శాస్త్రం. విప్పిన బహుమతి ఇంటిది, విప్పనిది ఊరిది. ఎవరూ తప్పు పట్టరు, అందరూ చేసేదే. ఏడాది పైన ఆ అటక మీద ఉన్నాను. కింద వంటగదిలో నళిని ఒక్కోసారి చెయ్యి ఆపి, ‘‘అమ్మ జాడీలో ఆవకాయ రుచి దీనికి రాలేదు’’ అనేది. నేను నీ తల మీదే ఉన్నాను తల్లీ, చెయ్యెత్తితే అందుతాను! అనాలనిపించేది. ఆమె నిట్టూర్చి గరిటె తిప్పుకునేది. పిన్ని ‘నెమ్మదిగా చెప్పడం’ ఏనాడూ జరగలేదు.

రాజమండ్రిలో నళిని భర్త స్నేహితుడి కూతురి పెళ్లి కుదిరింది. నన్ను దించారు. పిన్ని చీటీని నళిని పీకేసి, పైన నీలం కాగితం చుట్టింది. పెళ్లికూతురి తల్లి ఒక బడికి హెడ్మాస్టరమ్మ. ఆవిడ ఇంట్లోనూ బరువు చూసి ‘డిన్నర్ సెట్టు’ అన్నారు. నాకిక పేరు స్థిరపడిపోయింది. కొన్నాళ్లు బీరువా కింద ఉన్నాను. తర్వాత వాళ్ల బడిలో పిల్లలకి మట్టితో బొమ్మలు చేయడం నేర్పడానికి ఒక కళాకారిణిని పిలిచారు. వచ్చినవాళ్లని ఊరికే పంపకూడదు కదా. పసుపు కాగితం చుట్టి, శాలువా కప్పి, చప్పట్ల మధ్య నన్ను ఆవిడ చేతిలో పెట్టారు.

ఆ చేతులు తగలగానే నా ఒంటికి తెలిసిపోయింది. హైమ.

సంతోషించాను కూడాను, తెలివితక్కువదాన్ని. షెడ్డుకి తెచ్చి, ‘‘లోపల మట్టి సామానే నూకరత్నం, బరువు చెబుతోంది’’ అని నవ్వుతూ కూర్చుంది. పసుపు కాగితం తీసింది. నీలం తీసింది. ‘‘ఎన్ని చీరలే దీనికి!’’ అంది. ఎరుపు తీసింది. ఖాకీ కాగితం, జనపతాడు, రెండు మెలికల ముడి.

చేతులు అక్కడే ఆగిపోయాయి. ముడి తను వేసింది వేసినట్టే ఉంది.

‘‘తెరవను కూడా తెరవలేదే,’’ అంది. ‘‘పిన్ని ఇచ్చానంది. నళిని తీసుకుంది, ఏమీ అనలేదంది. నేను రోజూ ఫోన్ వంకే చూశాను. అది చూడకుండానే ఎవరికో ఇచ్చేసింది.’’

‘‘ఒకసారి అడగండమ్మగారూ. ఏం జరిగిందో ఏమో.’’

‘‘ఏమని అడగను? అమ్మని దంచి పంపితే ఎందుకు పారేశావని అడగనా?’’

కత్తితో తాడు కోసింది. నన్ను బయటికి తీసి, రెండు చేతులా తలపైకెత్తింది. గచ్చు మీద కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. కాని నాలో ఎవరున్నారో ఆమెకి తెలుసు. దించేసి, బయటికొచ్చి ఈ గుట్ట మీద పెట్టింది. మూత దొర్లి రాయికి తగిలి విరిగింది. ఆమె వెనక్కి చూడలేదు. ఆ తర్వాత మళ్లీ జాడీ చెయ్యలేదు. ఎవరడిగినా లేవనమంది.

ఇక్కడితో అయిపోతే నేనిలా ఏడవను.

మొన్నామధ్య మబ్బు పట్టిన ఒక సాయంత్రం గేటు దగ్గర ఆటో ఆగింది. పట్టుచీరలో నళిని దిగింది, చేతిలో కుంకుమ భరిణ. కూతురికి ఓణీల ఫంక్షన్ చేస్తోందట. అక్కకి బొట్టు పెట్టి పిలవడానికి, పంతం దిగమింగుకుని, అంత దూరం నుంచి వచ్చింది. ఏ బొట్టు కోసం హైమ కుమిలిపోయిందో ఆ బొట్టే గుమ్మంలోకి వచ్చింది. లోపల కిటికీ వెనక నుంచి హైమ చూసింది. ‘‘లేనని చెప్పు’’ అంది. నూకరత్నానికీ ఆవిడంటే కోపమే.

‘‘లేరండి.’’

‘‘ఎప్పుడొస్తుంది?’’

‘‘తెలీదండి.’’ నూకరత్నం లోపలికెళ్లి తలుపు వేసేసింది.

నళిని అరుగు మీద కాసేపు నిలబడింది. ఇంట్లో మనిషి లేకపోతే గుమ్మానికి బొట్టు పెట్టి వెళ్తారు, అదీ పిలుపే. భరిణ మూత తీసి, కుంకుమలో వేలు ముంచింది. గుమ్మం వైపు ఒక అడుగు వేసింది. అప్పుడు, నా ఖర్మ కాకపోతే, పక్కకి చూసింది.

మెల్లగా గుట్ట దగ్గరికొచ్చి వంగింది. గోధుమరంగు, తెలుపు, సొట్ట. కుంకుమ అంటిన వేలు సొట్టలో పెట్టింది. చిన్నప్పటిలాగే, సరిగ్గా ఆనింది.

‘‘అమ్మ జాడీ,’’ అంది. ‘‘చేసింది. అచ్చం అలాగే చేసింది. చేసి, నాకివ్వడం కంటే చెత్తలో పడేయడమే నయమనుకుంది.’’

కాదమ్మా! నీకోసమే పుట్టాను. నీ అటక మీదే ఉన్నాను. నాలో మీ అమ్మ ఉంది, ఒక్కసారి ఎత్తుకో! ఎంత అరిచానో. నాలోని వాననీళ్లు కూడా కదల్లేదు.

నళిని వేలు తీసేసింది. భరిణ మూత గట్టిగా బిగించింది. కళ్లు తుడుచుకుంటూ ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

ఆటో చప్పుడు దూరమయ్యాక తలుపు తెరుచుకుంది. హైమ గబగబా బయటికొచ్చి గుమ్మం పైకి చూసింది. ద్వారబంధం రెండు పక్కలా తడిమింది.

‘‘చేతిలో కుంకుమ భరిణ చూశానండి,’’ అంది నూకరత్నం చిన్నగా.

‘‘చూశావా మరి? ఇంత దూరం వచ్చి, గుమ్మానికి ఒక్క బొట్టు పెట్టడానికి కూడా దానికి చెయ్యి రాలేదు.’’

నాలుగడుగులు ఇటు వేస్తే చాలు. బొట్టు ఇక్కడే ఉంది, తను నొక్కిన సొట్టలోనే. ఆమె ఈ గుట్ట వైపు చూడడం ఎప్పుడో మానేసింది. తలుపు మూసుకుంది.

కాసేపటికి వాన మొదలైంది. ఆవకాయ ఎరుపు ఎరగని నాకు దక్కిన ఎరుపు అదొక్కటే. అది కూడా భుజం మీంచి సన్నగా కారి, గుట్ట కింది మట్టిలో కలిసిపోయింది.