లేని పిల్లకు గౌను

ఉస్మాన్ సాబ్ లంగా నడుముపట్టీలోకి పిన్నీసు కట్టిన నాడాను దూర్చి, బొటనవేలితో ముందుకు తోస్తున్నాడు. ఎమ్మిగనూరు బస్టాండు వెనక సందులో ఆయన దుకాణం. మిషను, బల్ల, ఆయన పట్టగా మిగిలేది ఒక మనిషి నిలబడే చోటే. మెడలో టేపు, చెవి మీద నీలం సుద్దముక్క, కత్తెర ఒరిసి ఒరిసి కుడి బొటనవేలి మీద గట్టిపడిన కాయ. అరవై దాటిన మనిషి. ఒకప్పుడు పండగ గౌన్లకు పేరున్న దర్జీ. రెడీమేడ్లు వచ్చాక గౌన్లు అడిగేవాళ్లు పోయి, ఆదోని బట్టల షాపులకు చీరల కిందికి కట్టుకునే లంగాలు కుట్టడం ఒక్కటే మిగిలింది. బయటికి కనపడని బట్ట. అయినా ఏ లంగా అంచునూ ఆయన వంకర పోనివ్వలేదు.

ఎదురుగా కొక్కేనికి తెల్లటి గౌను వేలాడుతోంది. చేతులకు, మెడకు, అంచుకు వరస మీద వరసగా కుచ్చులు. జపానులో హరాజుకు అనే పేటలో ఆడపిల్లలు ఇట్లాంటివి వేసుకుని వీధుల్లో తిరుగుతారని లహరి చెప్పింది.

లహరి ఆ సందు చివరి ఇంటి పిల్ల. హైదరాబాదులో యానిమేషన్ చదివి వచ్చి, ఇంట్లోనే బొమ్మల సినిమా గీస్తోంది. ఆ జపాను గౌను వేసుకుని ఎమ్మిగనూరు సందుల్లో నడిచే ఒక పిల్ల కథ. అంతా కుదిరింది కానీ, బొమ్మ గిర్రున తిరిగే చోట కుచ్చులు రేకులా బిగుసుకుపోతున్నాయి. నిజం గౌను తిరగడం చూసి గీయాలని ఉస్మాన్ సాబ్ దగ్గరికి వచ్చింది. ఇక్కడి మగ్గం బట్టతోనే కావాలంది. ఆయన రెండుసార్లు కుట్టాడు. రెండుసార్లూ గౌను జారి కాళ్లకు చుట్టుకుంది. సినిమాను బెంగళూరు పోటీకి పంపడానికి ఈ రోజే ఆఖరు.

లహరి వచ్చి బల్ల మీద తన బొమ్మ పరిచింది. "ఈడ సూడు తాతా. నడుము కాడ్నుంచి గంట మాదిరి విచ్చుకోవాల. లోపల గాలి నిలబడాల."

"గాలి నిలబడల్లంటే దానికి ఇల్లు కట్టల్ల పాపా," అన్నాడాయన. బొమ్మను దగ్గరికి, దూరానికి పట్టి చూశాడు. తర్వాత తను కుట్టి పెట్టిన లంగాల దొంతర వైపు చూశాడు. "లోపలికి లంగా ఏద్దామా? మూడు అంతస్తులు పెట్టి, గంజి దట్టిస్తే?"

లహరి కళ్లు పెద్దవయ్యాయి. "అదే తాతా! జపానోళ్లూ లోపల అట్లాంటిదే ఏస్తారు. నాకే తోచలా."

అన్నం తెచ్చిన ఆయన భార్య హమీదాబీ తిరిగి ఇంటికి పోలేదు. గడప మీదే కూర్చుని కుచ్చులు పట్టింది. ఆమె పట్టి ఇస్తుంటే ఆయన మిషను కింద పోనిచ్చాడు. మధ్యలో ఒకసారి ఆగి ఎడమ భుజం నొక్కుకున్నాడు.

"నొస్తాందా?" అంది ఆమె.

"ఇస్త్రీ పెట్టె మోసినా కదా," అని మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు.

ఎండ తగ్గకముందే లహరి గౌను వేసుకుని మిద్దె ఎక్కింది. ఫోనును నీళ్ల డ్రమ్ముకు ఆనించి గిర్రున తిరిగింది. గౌను ఒక్కసారిగా పైకి లేచి, గుండ్రంగా విచ్చుకుని, ఆమె ఆగిన తర్వాత కూడా ఇంకో పావు చుట్టు తనంతట తనే తిరిగి మెల్లగా కిందికి దిగింది. కింద ఉరుకుందకు పోయే బస్సులోని ఆడవాళ్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూశారు. ఉస్మాన్ సాబ్ పిట్టగోడ పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు.

"మళ్లీ తిరుగు పాపా," అన్నాడు.

పొద్దు గూకే వేళకు లహరి ఫోనులో చూసుకుంటూ ఆ ఒక్క చోటు మళ్లీ గీసి, ల్యాప్‌టాప్ తెచ్చి మిషను మీద పెట్టింది. తెర మీద ఎమ్మిగనూరు సందు. ఆ సందులో ఒక పిల్ల తిరిగింది. ఆమెతో పాటు ఆయన కుచ్చులూ తిరిగాయి, ఆమె ఆగాక కూడా ఇంకో పావు చుట్టు తిరిగాయి.

"ఈ పిల్ల ఎవురు?"

"ఎవురూ కాదు తాతా. నేను గీసినా, అంతే."

ఆయన నవ్వాడు. "అయితే లేని పిల్లకు కుట్టినా. కొలతలు కూడా తీయకుండానే."

చివర పేర్లు వచ్చాయి. *దుస్తులు: ఉస్మాన్ సాబ్, ఎమ్మిగనూరు.* ఆయన ఆ అక్షరాల కింద వేలు పెట్టి చదువుకున్నాడు. తర్వాత భార్య వైపు చూపించి, "కుచ్చులు ఆమెవి," అన్నాడు.

లహరి అక్కడే కూర్చుని ఆ పేరు పక్కన హమీదాబీ పేరు చేర్చి, సినిమా పంపేసింది. హమీదాబీ కొంగుతో తెర తుడిచింది. "ఇన్నేండ్లు కుట్టినావు, ఎవురన్నా సూసినారా? ఇంగ సూడనీ లోకమంతా," అంది.

"మీరు పోతాండండి, నేను తాళమేసి వస్తా," అన్నాడు ఉస్మాన్ సాబ్. ఇంటికి వచ్చేసరికి కొంచెం ఆలస్యమైంది. రెండు రొట్టెలు తిని, గౌను ఎట్లా విచ్చుకుందో చేతులు తిప్పి మళ్లీ ఒకసారి భార్యకు చూపించి పడుకున్నాడు. తెల్లవారి నమాజుకు ఆమె లేపితే లేవలేదు. ముఖం చూస్తే నిద్రపోతున్నట్టే ఉంది.

ఆయన్ను మట్టి చేసిన మర్నాడు హమీదాబీ, లహరి కలిసి దుకాణం తెరిచారు. మిషను సూది కింద ఎవరూ అడగని తెల్లటి పట్టీ ఒకటి ఉంది. ఆ గౌను మీదికి తలకు కట్టుకునేది. సగం దాకా సన్నటి కుచ్చులు పడి ఉన్నాయి, మిగిలిన సగం మీద నీలం సుద్దగీత వంకర లేకుండా చివరి దాకా పోయింది.