నేరెళ్ళగొంది చెట్లను కొలిచిన టేపు

నేను ఒక టైలరు టేపును. అరవై అంగుళాల పసుపుపచ్చ పట్టీని. ఆ రోజు పొద్దున్నే చోడవరంలో వరహాలమ్మ ఇంట్లో నా గురించి తల్లీకూతుళ్ళ మధ్య మొదలైన పేచీ, ఇడ్లీలు చల్లారిపోయినా తెగలేదు.

"కొండలెక్కుతావో కోనల్లో తిరుగుతావో నీ ఇష్టం. నా టేపు జోలికి రాకు. ముహూర్తాల రోజులు, ఇరవై జాకెట్లున్నాయి నా నెత్తి మీద," అంటూ వరహాలమ్మ నన్ను మెడలోంచి జారిపోకుండా రెండు చేతులతో పట్టుకుంది.

"మా వాళ్ళ దగ్గరున్నది ఇనప టేపమ్మా. చెట్టు చుట్టూ తిరగదు. ఆరు రోజుల్లో తెచ్చి ఇచ్చేస్తాను కదా!" అంది యామిని, భుజాన బ్యాగు తగిలించుకుంటూనే.

"కొత్తది కొనుక్కో."

"ఏడింటికి బస్సు. ఇంత పొద్దున్న ఏ షాపు తీస్తారు?"

గోడకు ఆనుకుని కాఫీ తాగుతున్న నాయనమ్మ గ్లాసు దించింది. "ఏటే, సెట్లకి కూడా జాకెట్లు కుట్టిస్తారేటి?"

సన్యాసిరావు ఫక్కున నవ్వాడు. మొగుడు నవ్వాక వరహాలమ్మకు కోపం నిలుపుకోవడం ఎప్పుడూ చేతకాదు. నన్ను మెడలోంచి తీసి కూతురి చేతిలో పెట్టింది. "తడపకు. ముడెయ్యకు," అంది.

అప్పటికి పదేళ్ళుగా నేను ఆవిడ మెడలోనే ఉన్నాను. నేను పుట్టింది ఎక్కడో ఊరి చివర ఒక రేకుల షెడ్డులో. దారాలు నేసి, రంగు పూసి, అంకెలు అచ్చొత్తి, చివర్లకు ఇత్తడి రేకులు తొడిగి పెట్టెల్లో సర్దేశారు. బొత్తాలూ లేసులూ అమ్మే కొట్లో రెండేళ్ళు పడి ఉన్నాక వరహాలమ్మ నన్ను సాగదీసి చూసి, సాగడం లేదని నమ్మకం కుదిరాక తీసుకుంది. ఆ తర్వాత ఆ వీధిలో ఆడవాళ్ళ సంగతి నాకు తెలియనిది లేదు. లూజుగా కుట్టమని చెబుతూనే నేను తగలగానే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు. పోయినసారి కంటే ఎంత పెరిగిందని ఎవరూ అడగరు. వరహాలమ్మ కూడా అంకె పైకి చదవదు. పుస్తకంలో రాసుకుని మూసేస్తుంది. ఒకరి కొలత ఇంకొకరికి చెప్పడం ఆవిడ వృత్తిలో లేదు.

యామిని చేరింది 'పచ్చబాట' అనే యువజన సంఘంలో. డిగ్రీ అయి రెండేళ్ళు ఖాళీగా ఉన్న పిల్ల, అందులో చేరాక ముఖం విప్పారింది. మొత్తం పన్నెండుమంది. వాళ్ళకు పెద్ద కౌశిక్. ముప్ఫయ్యేళ్ళుంటాయి. ఎవరితోనైనా మెత్తగా మాట్లాడతాడు. బస్సు, ఆ తర్వాత జీపు, రోడ్డు అయిపోయాక ఒక పగలంతా నడక. దారిలో కనిపించిన ప్లాస్టిక్ కవర్లన్నీ ఏరి సంచుల్లో వేసుకున్నారు. ఆ సంచుల్లో సగం వాళ్ళు తిన్న బిస్కట్ల కవర్లే.

నేరెళ్ళగొంది పద్దెనిమిది గడపల ఊరు. దాని పైన కొండవాలంతా పాత చెట్ల తోపు. నేరేడు, మద్ది, పనస, అడవిమామిడి. దాన్ని ఆ ఊరివాళ్ళు నరకరు, నరకనివ్వరు. యామిని సంచిలోంచి నన్ను తీయగానే ఒక ముసలామె దారికి అడ్డంగా నిలబడింది. పేరు పాంగి బుద్రమ్మ. తోపు విషయంలో ఆమె మాటే ఊరి మాట.

"సెట్టుకి కొలత ఎయ్యకూడదు," అంది. "నా సిన్నప్పుడు అవతల కొండకి ఇలాగే వచ్చీసి, కొలిసీసి, రాసీసుకుని ఎల్లిపోనారు. ఎనకాలే రంపాలొచ్చినాయి. ఆ కొండ సూడు, బోడి గుండులాగుంది."

కౌశిక్ టోపీ సర్దుకుని, వినయంగా చేతులు కట్టుకుని చెప్పాడు. ఇన్ని చెట్లున్నాయి, ఇంత లావువి ఉన్నాయి అని పైవాళ్ళకు లెక్క చూపిస్తే తోపు మీద ఎప్పటికీ గొడ్డలి పడదట. బుద్రమ్మ అతని వైపు చూడలేదు. యామినిని అడిగింది. "నువ్వు సెప్పు. ఇది దేనికి వాడతావు?"

"మా అమ్మది మామ్మా. జాకెట్లు కుడుతుంది."

"అయితే ముందు నన్ను కొలు. పొద్దుటికి నేను బతికుంటే సెట్టును కొలువు."

సంఘం పిల్లలు నవ్వారు. యామిని నవ్వలేదు. నన్ను ఆమె నడుం చుట్టూ తిప్పింది. ముప్ఫై అంగుళాలైనా లేదు. బుద్రమ్మ ఊపిరి బిగబట్టలేదు. అలా నిలబడ్డ మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమే వచ్చి గుడారం గుడ్డ తట్టింది. "సావనేదే! లే, ఎల్దాం!" ఇద్దరూ పగలబడి నవ్వారు. తోపు మొదట్లో మళ్ళీ ఆగి, ఈసారి నవ్వకుండా, యామిని మణికట్టు పట్టుకుంది. "ఆ టోపీ అబ్బాయి మాట కాదు. నీ మాట మీద ఒప్పుకుంటన్నాను."

"పూచీ నాది మామ్మా," అంది యామిని.

మూడు రోజులు. చెట్టు పొట్ట లోపలికి లాక్కోదు. నాచు తడి తగిలింది, చీమలు నా అంకెల మీద నడిచాయి. పెద్ద మానులకు నేను చాలక, ఆగినచోట వేలు పెట్టి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. బుద్రమ్మ ఒక్కో చెట్టు దగ్గర దీన్ని ఎవరి తాత ఎక్కాడో, ఎవరు కింద పడి కాలు విరగ్గొట్టుకున్నారో చెబుతూ ఉంటే యామిని రాసుకుంది. రెండువందల పద్నాలుగు చెట్లు. చివరి రోజు కౌశిక్ ఆ పుస్తకం తీసుకుని జాగ్రత్తగా తన సంచిలో పెట్టుకున్నాడు. ఆ చేతులు చూసి నాకు ఏ అనుమానమూ రాలేదు.

అయిదు నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున అతను చోడవరం వచ్చాడు. స్వీట్ల డబ్బా, రంగురంగుల పుస్తకం ఒకటి పట్టుకొచ్చాడు. నేను వరహాలమ్మ మెడలోంచి అంతా చూస్తున్నాను.

"మీ అమ్మాయిని మొదటి పేజీలో వేశామండీ."

నిజమే. నేరేడు మానును కౌగిలించుకున్నట్టు యామిని, ఆ మాను చుట్టూ నేను. సన్యాసిరావు కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాడు. తోపులో ఒక కంపెనీ టూరిస్టు క్యాంపు కడుతోందట. కొండవాలులో కాటేజీలు, పై దాకా రోడ్డు. వచ్చినవాళ్ళకు చెట్ల గురించి చెప్పే ఉద్యోగం యామినికే. ఉత్తర్వు కూడా తెచ్చాడు.

"అమ్మ బాబో!" అంటూ వరహాలమ్మ చేతిలోని జాకెట్టు ముక్క కింద పడేసింది. "మా పిల్ల కష్టం ఊరికే పోనేదు."

యామిని పుస్తకం చివరి పేజీకి తిప్పింది. అక్కడ తను రాసిన కొలతలే అచ్చువేసి ఉన్నాయి. నలభై ఎనిమిది అంగుళాల లోపు ఉన్న ప్రతి చెట్టు పక్కనా ఎర్ర టిక్కు.

"ఇవేంటి?"

"అవి తీసేస్తారు. చిన్నవే కదా. పెద్దవి అరవై ఒకటీ ఉంటాయి. వాటికి పేర్లు పెట్టి బోర్డులు కూడా కడతాం."

"మీరు కాపాడతామన్నారు."

"కాపాడుతున్నాంగా, ఆ అరవై ఒక్కటినీ." అతని గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "గురువారం గ్రామసభ ఉంది. ఊళ్ళో పెద్దావిడే దగ్గరుండి కొలిపించారని కాగితాల్లో రాశాం. ఇక ఎవరూ కాదనరు."

అతను టీ తాగి, నాయనమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టి మరీ వెళ్ళాడు.

నేను ఒక్క అంకె కూడా తప్పు చెప్పలేదు. నూట యాభై మూడు చెట్లను నరకడానికి నేను చెప్పిన నిజమే సరిపోయింది. రంపం పట్టుకుని వచ్చేవాడిని చూస్తే ఎవరైనా కేకలు వేస్తారు. నన్ను చూసి ఎవరు కేకలు వేస్తారు? జాకెట్లు కుట్టే అమ్మ మెడలోంచి వచ్చినదాన్ని. అందుకే కౌశిక్‌కి నేను పనికొచ్చాను, ఆ పిల్లా పనికొచ్చింది. ఆ వీధిలో ఎవరి నడుం కొలతా బయటికి పొక్కనివ్వని నన్ను, ఒక కొండ కొలతలన్నీ కొత్తవాడికి అప్పజెప్పేలా చేశారు. నేరెళ్ళగొందిలో ఇప్పుడు వేళ్ళన్నీ బుద్రమ్మ వైపే చూపిస్తుంటాయి. ఆమె మనసులో ఎవరి ముఖం మెదులుతుందో నాకు తెలుసు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర సన్యాసిరావు ఆ ఉత్తర్వును మళ్ళీ చదివాడు. పక్కింటివాళ్ళకు చెప్పేశానన్నాడు. నాయనమ్మ, సాంబారులో ముక్కలు మనవరాలికే వెయ్యమని కోడలికి పురమాయించింది. "ఏటే, తినవేటి? ఉజ్జోగం వచ్చిందని కడుపు నిండిపోనాదా?" అంది.

యామిని కంచంలో చెయ్యి ఆపింది. గొంతు పెంచలేదు.

"ఆ ఉద్యోగంలో చేరను నాన్నా. బుధవారం బస్సుకి నేరెళ్ళగొంది వెళ్తున్నాను. బుద్రమ్మ ఏమని ఒప్పుకుందో, ఎవరి మాట నమ్మి ఒప్పుకుందో గ్రామసభలో అందరి ముందూ నేనే చెబుతాను. ముందు ఆమె ఇంటికి వెళ్తాను. తిడితే పడతాను."